తెలుగు బ్రాండు పేరుకు లావు ఫాంటు: ఎంత లావు వరకు చదవగలం?

గోదావరిగీతలు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. చిన్న స్థాయిలో డిజైన్ పని చేసుకుంటున్న నాకు, గానుగ నూనెలు తీసే ఒక కుటుంబం తమ బ్రాండు పేరును తీర్చిదిద్దే పని అప్పగించింది. పేరును బహిరంగంగా చెప్పడానికి వారి అనుమతి లేదు కనుక, అందులో ఇబ్బంది పెడుతున్న అక్షరాలను మాత్రం చెబుతాను: మొదట ‘ప’, మధ్యలో ‘ధ’, చివర ‘ష్ఠ’. ఈ పేరు లీటరు సీసా లేబుల్ మీద, 100 మిల్లీలీటర్ల పౌచ్ మీద, దుకాణం బోర్డు మీద, వాట్సాప్‌లో కనిపించే చిన్న గుండ్రటి బొమ్మలో కూడా ఒకే రూపంతో ఉండాలి. యజమాని కోరిక మాత్రం ఒక్కటే. బండి మీద వెళ్లేవాడికి కూడా పేరు కనపడేంత లావుగా అక్షరాలు ఉండాలంటున్నారు.

రామభద్ర ఫాంటులో పేరు పెట్టి చూపిస్తే ఆయనకు బాగా నచ్చింది, కానీ ఇంకొంచెం లావు చేయమన్నారు. బోల్డ్ బటన్ నొక్కితే తెర మీద ఘనంగానే కనిపించింది. దాన్నే పౌచ్ కొలతకు తగ్గించి ప్రింటు తీసినప్పుడు ‘ధ’ కడుపు పూడిపోయి, దాని కింది చిన్న గీత అక్షరంలో కలిసిపోయి, ‘ష్ఠ’ ఏమిటో పోల్చుకోలేని పరిస్థితి వచ్చింది. లావు తగ్గించుకోమని యజమానికి నచ్చజెప్పాలా, వేరే ఫాంటు వెతకాలా, లేక ఇలాంటి పేరుకు లావు అక్షరాలే పనికిరావా? అనుభవమున్న వారి అభిప్రాయాలు కోరుతున్నాను.

అచ్చుపని (విజయవాడ)

ముందు బోల్డ్ బటన్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే సగం రోగం అక్కడే ఉంది. రామభద్ర ఒకే ఒక్క మందంలో విడుదలైన ఫాంటు. శీర్షికలకు, పోస్టర్లకు, ఆహ్వాన పత్రాలకు పనికివచ్చేలా మొదటి నుంచే బాగా లావుగా గీసిన అక్షరాలవి. దానికి వేరుగా బోల్డ్ రూపం లేదు. అసలైన బోల్డ్ ఫైలు లేనప్పుడు సాఫ్ట్‌వేర్ తనంతట తానుగా అక్షరం అంచు వెంట ఒక పొరను అదనంగా పూస్తుంది. ఆ పూత బయటి అంచుకే కాక లోపలి అంచుకు కూడా పడుతుంది కనుక, అక్షరం బయటికి ఎంత పెరిగిందో లోపలి ఖాళీ అంతగా తగ్గుతుంది. మీ ‘ధ’ పూడిపోవడానికి కారణం అదే.

సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చిన ఎన్టీఆర్, మల్లన్న, ధూర్జటి, గిడుగు, తిమ్మన ఫాంట్లు కూడా ఒక్కొక్క మందంలోనే ఉన్నాయి. వాటిలో దేని మీద బోల్డ్ నొక్కినా జరిగేది ఇదే. నిజంగా వేర్వేరు మందాలు కావాలంటే, ఒక్కొక్క మందాన్నీ విడిగా గీసిన ఫాంటు కుటుంబాలను చూడండి. ముంబైకి చెందిన ఏక్ టైప్ సంస్థ చేసిన అనేక్ తెలుగులో మందం 100 నుంచి 800 వరకు (అంకె పెరిగే కొద్దీ లావు), వెడల్పు 75 నుంచి 125 వరకు (100 అంటే మామూలు వెడల్పు) మార్చుకోవచ్చు. అదే సంస్థ చేసిన బాలూ తమ్ముడు 2 లో మందం 400 నుంచి 800 వరకు ఉంటుంది. నోటో సాన్స్ తెలుగులో 100 నుంచి 900 వరకు ఉన్నా, నా దృష్టిలో అది చదువుకునే పాఠానికి గీసిన అక్షరం. బ్రాండు పేరుకు కొంత పొడిగా ఉంటుంది.

కుంచెవాటం (వరంగల్)

అచ్చుపని గారు చెప్పిన సాంకేతిక విషయం సరైనదే గాని, ఒక ఫాంటు పనికిరాకపోతే మరొక ఫాంటు అనే దారిలోనే మనం ఎందుకు వెళ్లాలో నాకు అర్థం కాదు. ఫ్లెక్సీలు రాకముందు ఊళ్లలో గోడల మీద, రేకు బోర్డుల మీద పేర్లు రాసిన ఆర్టిస్టులు ఏ ఫాంటునూ ఎరుగరు. చదరపు కుంచెతో పేరు మొత్తాన్ని ముందుగా సుద్దతో గీసుకుని, ఏ అక్షరానికి ఎంత చోటు ఇవ్వాలో ఆ పేరును బట్టి నిర్ణయించుకునేవారు. ‘ష్ఠ’ లాంటి జంట వస్తే పై అక్షరాన్ని కాస్త కురచ చేసి వత్తుకు చోటు కల్పించేవారు. అదే పేరులో ‘ర’, ‘గ’ వంటి ఖాళీ ఎక్కువగా ఉన్న అక్షరాలను నిండుగా రాసేవారు. ఫాంటు తయారుచేసేవారికి ఆ వెసులుబాటు ఉండదు, ఎందుకంటే వారి ‘ష’ ఏ మాటలోకి వెళ్లినా ఇమడాలి.

నా సలహా ఏమిటంటే, బ్రాండు పేరు నాలుగైదు అక్షరాలే కనుక దాన్ని చేతితో గీయించండి. బాపు గారి చేతిరాత పెళ్లిపత్రికల నుంచి దుకాణాల పేర్ల వరకు ఇంతగా ఎందుకు పాకిందంటే, అందులో ప్రతి అక్షరానికీ ఒక వాలు, ఒక ఊపు ఉన్నాయి. ఆ రాతను కూడా ఫాంటుగా మార్చి అందరూ వాడేయడంతో, ఒక దుకాణానికీ పక్క దుకాణానికీ తేడా లేకుండా పోయిందన్నది వేరే సంగతి.

లిపిపరిశీలన (హైదరాబాద్)

ప్రశ్న అడిగిన వారు చెప్పిన మూడు అక్షరాలూ మూడు వేర్వేరు చిక్కులకు ఉదాహరణలు కావడం వలన, వాటి గురించి కొంత వివరంగా రాస్తాను.

తెలుగులో ‘ప’, ‘వ’ అక్షరాల ఒళ్లు దాదాపు ఒకటే. ‘ప’కు తలకట్టు ఒంటిని తాకకుండా విడిగా ఉంటుంది, ‘వ’కు తలకట్టు ఒంటితో కలిసి ఉంటుంది. అంటే ఈ రెండింటి మధ్య తేడా గీతలో లేదు, గీతకూ గీతకూ మధ్య ఉన్న సన్నని ఖాళీలో ఉంది. అక్షరాన్ని లావు చేసినప్పుడు మొదట మూసుకుపోయేది ఆ ఖాళీయే. ‘ఘ’, ‘ష’, ‘స’, ‘హ’ అక్షరాలకు కూడా తలకట్టు విడిగానే ఉంటుంది కనుక వాటికీ ఇదే ప్రమాదం ఉన్నా, వాటిని మరో అక్షరంగా పొరబడే అవకాశం ‘ప’కు ఉన్నంత లేదు.

‘ధ’ చిక్కు వేరు. ‘ద’కు అడుగున చిన్న నిలువు గీత చేరిస్తే ‘ధ’ అవుతుంది, కడుపులో చుక్క పెడితే ‘థ’ అవుతుంది. ‘డ’, ‘ఢ’, ‘బ’, ‘భ’, ‘చ’, ‘ఛ’ జంటలు కూడా అడుగు గీత మీదే ఆధారపడి ఉన్నాయి. ‘ర’, ‘ఠ’ జంట చుక్క మీద ఆధారపడి ఉంది. మిగిలిన అక్షరాన్ని రెండింతలు లావు చేసి ఈ గీతను గాని చుక్కను గాని కూడా అదే లెక్కలో లావు చేస్తే, అవి పక్క గీతలకు అంటుకుంటాయి. మంచి లావు ఫాంటులో అడుగు గీత మిగిలిన గీతల కంటే సన్నగా, కొంచెం కిందికి దిగి ఉంటుంది. చుక్క చుట్టూ ఖాళీ ఉండేలా అక్షరం కడుపును వెడల్పు చేస్తారు. ఫాంటు ఎంచుకునేటప్పుడు ‘క’, ‘ల’ వంటి తేలిక అక్షరాలను చూసి మురిసిపోకుండా, ‘థ’, ‘ధ’, ‘ఢ’, ‘ఝ’, ‘ఘ’ అక్షరాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇక ‘ష్ఠ’. రోమను లిపిలో పేరు ఒకే వరుసలో నడుస్తుంది. తెలుగులో పైన గుడి, మధ్యలో హల్లు, కింద వత్తు కలిసి మూడు అంతస్తులు అవుతాయి. బోర్డు ఎత్తు మారదు కాబట్టి, వత్తు ఉన్న ఒక్క అక్షరం కోసం పేరు మొత్తాన్ని చిన్నది చేయవలసి వస్తుంది. అలా చిన్నదైన పేరు పల్చగా కనిపిస్తుందని మళ్లీ లావు చేస్తారు. ఈ చక్రాన్ని తెంచాలంటే వత్తును తల్లి అక్షరం కంటే కొద్దిగా సన్నగా, వెడల్పుగా, ఎత్తు తక్కువగా గీసుకోవాలి. వత్తు కూడా అంతే మందంగా ఉంటే కన్ను మొదట దాని మీదే పడుతుంది, పేరు కిందికి జారినట్లు అనిపిస్తుంది.

లావు చేయడానికి మరొక మార్గం ఉంది, దాన్ని మనవాళ్లు తక్కువగా వాడుతున్నారు. గీతను అన్ని వైపులా సమానంగా పెంచకుండా, గుండ్రని అక్షరానికి ఎడమ, కుడి వైపులను బాగా లావు చేసి, పైభాగాన్ని, అడుగుభాగాన్ని, గీతలు కలిసే చోట్లను సన్నగా ఉంచవచ్చు. అప్పుడు దూరానికి అక్షరం బరువుగానే కనిపిస్తుంది, లోపలి ఖాళీలు మాత్రం బతికి ఉంటాయి. మందంతో పాటు వెడల్పు కూడా పెంచడం రెండవ ఉపాయం. అనేక్ తెలుగులో మందాన్ని 800 దగ్గర, వెడల్పును 110 దాటించి మీ పేరును ఒకసారి పరీక్షించండి.

ప్యాకింగ్‌పని (గుంటూరు)

పౌచ్ గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక నేను చెబుతాను. నూనె పౌచ్‌ల ఫిల్మ్‌ను సాధారణంగా ఫ్లెక్సో (మెత్తటి ప్లేటు) పద్ధతిలో గాని, రోటోగ్రావ్యూర్ (చెక్కిన సిలిండరు) పద్ధతిలో గాని అచ్చు వేస్తారు. ఫ్లెక్సోలో ప్లేటు మెత్తగా ఉంటుంది, ఒత్తిడికి రంగు అంచు దాటి కొద్దిగా బయటికి పాకుతుంది. అందువలన మీరు ఇంటి ప్రింటర్‌లో చూసిన దానికంటే పౌచ్ మీద అక్షరం మరింత లావుగా వస్తుంది. దీనికి విరుద్ధంగా, ముదురు రంగు నేల మీద తెల్ల అక్షరాలు వదిలితే, చుట్టూ ఉన్న రంగు లోపలికి పాకి అక్షరాన్ని తినేస్తుంది. ఒకే ఫైలును రెండు చోట్లా వాడకుండా, తెల్ల అక్షరాల రూపాన్ని కొద్దిగా లావుగా, రంగు అక్షరాల రూపాన్ని కొద్దిగా సన్నగా రెండు ఫైళ్లు చేసుకోవాలి. ప్లేట్లు చేసే వారిని వారి యంత్రం మీద నిలిచే కనీస గీత, కనీస ఖాళీ ఎంతో ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకొక సంగతి. ప్యాకెట్ వస్తువులకు వర్తించే 2011 నాటి తూనికలు, కొలతల నిబంధనల ప్రకారం నికర పరిమాణం, ధర వంటి తప్పనిసరి వివరాలు హిందీలో గాని ఇంగ్లీషులో గాని ఉండాలి, ఇతర భాషలు అదనంగా మాత్రమే ఉండవచ్చు. చిన్న పౌచ్ మీద ఆ వివరాలకే చాలా చోటు పోతుంది. కాబట్టి తెలుగు పేరుకు మిగిలే చోటును కొలిచిన తరువాతే అక్షరం లావు నిర్ణయించడం మంచిది. ముందు లోగో గీసి, తరువాత దాన్ని మిగిలిన సందులో ఇరికించే పద్ధతి వలన చాలా లేబుళ్లు చెడిపోతున్నాయి.

గోదావరిగీతలు

లిపిపరిశీలన గారికి, ప్యాకింగ్‌పని గారికి ప్రత్యేక ధన్యవాదాలు. అనేక్ తెలుగులో వెడల్పు పెంచి చూశాను, ‘ధ’ ఇప్పుడు చిన్న కొలతలో కూడా తెలుస్తున్నది. అయితే యజమాని కుమారుడు తెలుగు పేరు పక్కనే ఇంగ్లీషు పేరు కూడా అంతే లావుగా ఉండాలంటున్నారు. ఒకే పాయింటు కొలతలో రెండింటినీ పెడితే ఇంగ్లీషు అక్షరాలు తెలుగును మింగేస్తున్నాయి. దీనికి పద్ధతి ఏమైనా ఉందా?

తుంగభద్ర (బెంగళూరు)

పాయింటు కొలతను నమ్ముకుంటే ఈ సమస్య తీరదు, ఎందుకంటే తెలుగు ఫాంటులో పై గుడికీ కింది వత్తుకూ కూడా ఆ కొలతలోనే చోటు కేటాయిస్తారు. కంటితో పోల్చాలి. తలకట్టుతో కలిపి తెలుగు హల్లు ఎత్తు, ఇంగ్లీషు చిన్న అక్షరాల (a, x వంటివి) ఎత్తుకూ పెద్ద అక్షరాల (A, X వంటివి) ఎత్తుకూ మధ్యలో ఉండేలా సర్దితే రెండూ సమానంగా కనిపిస్తాయి. ఇంగ్లీషు పేరును మొత్తం పెద్ద అక్షరాలలో రాయకపోవడం ఇంకా మంచిది. నలుచదరపు పెద్ద అక్షరాల వరుస గోడలా నిలబడుతుంది, దాని పక్కన ఏ తెలుగు అక్షరమైనా చిన్నబోతుంది.

లావు అక్షరాల చరిత్రను చూస్తే ఇంగ్లీషులో కూడా అవి పుస్తకాల కోసం పుట్టలేదు. 19వ శతాబ్దం ఆరంభంలో లండన్‌లో ప్రకటనల కోసం తయారైన బాగా లావైన అక్షరాలు వాటికి మొదలు. వాటిలో నిలువు గీతలు విపరీతంగా లావు, అడ్డగీతలు వెంట్రుకంత సన్నం. లిపిపరిశీలన గారు చెప్పిన రెండు మందాల ఉపాయం అక్కడ అప్పుడే ఉంది. 1922లో షికాగోకు చెందిన ఆస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్‌లో మూలలు గుండ్రంగా, అంచులు మెత్తగా ఉంటాయి. ఈజీజెట్ విమాన సంస్థ లోగోలో ఉన్నది అదే. 1965లో జెఫ్రీ లీ గీసిన ఇంపాక్ట్ దానికి పూర్తిగా వ్యతిరేకం. అందులో అక్షరాలు ఇరుకుగా, నిటారుగా, ఖాళీ దాదాపు లేకుండా ఉంటాయి. తెలుగు గుండ్రని లిపి కనుక దాని పక్కన కూపర్ బ్లాక్ తీరు అక్షరం ఇమిడినంత సులభంగా ఇంపాక్ట్ తీరు ఇమడదు. బాలూ కుటుంబంలో తెలుగు, రోమను అక్షరాలు ఒకే చేతి వాటంలో గీసి ఉన్నాయి కనుక జత కుదిర్చే శ్రమ తప్పుతుంది.

కుంచెవాటం

తుంగభద్ర గారి చరిత్ర ఆసక్తికరంగా ఉంది. కానీ బాలూ పెడితే శ్రమ తప్పుతుందన్న మాటతో నేను ఏకీభవించలేను. అది ఇప్పటికే ఎన్నో తినుబండారాల పొట్లాల మీద, పిల్లల వస్తువుల మీద, యూట్యూబ్ వీడియోల ముందు బొమ్మల మీద కనిపిస్తున్నది. రామభద్ర పరిస్థితి కూడా అంతే. గానుగ నూనె కొనేవారు పాతకాలపు నమ్మకాన్ని వెతుక్కుంటూ వస్తారు. వారికి బుడగల్లాంటి అక్షరాలు చూపించడం సబబా? డబ్బు ఖర్చు చేసి బ్రాండు చేయించుకునే వారికి ఉచిత ఫాంటులో పేరు టైపు చేసి ఇవ్వడం నా దృష్టిలో సగం పనే.

అచ్చుపని

కుంచెవాటం గారూ, మీరన్నది పెద్ద పెట్టుబడి ఉన్న బ్రాండుకు వర్తిస్తుంది. చిన్న గానుగ కుటుంబం చేతిరాత ఆర్టిస్టుకు విడిగా చెల్లించగలదో లేదో మనకు తెలియదు. మధ్యేమార్గం ఒకటి ఉంది. ఫాంటులో పేరు పెట్టి, కర్వ్స్‌లోకి (అంటే టైపు అక్షరాలను సవరించదగ్గ గీతల బొమ్మగా) మార్చి, చిక్కు అక్షరాలను మాత్రం చేతితో సవరించుకోవచ్చు. ‘ప’ తలకట్టును కొద్దిగా పైకి లేపి, ‘ధ’ అడుగు గీతను సన్నం చేసి, ‘ష్ఠ’లో వత్తును ఎడమకు గాని కుడికి గాని జరిపితే, పేరుకు సొంత ముఖం దానంతట అదే వస్తుంది. యూనికోడ్‌కు ముందు వాడిన పాత అను ఫాంట్ల కాలంలో డీటీపీ చేసినవారు వత్తులను విడి ముక్కలుగా పట్టుకుని జరపడానికి అలవాటు పడినవారే. యూనికోడ్ ఫాంటులో కర్వ్స్ చేసిన తరువాత అదే స్వేచ్ఛ దొరుకుతుంది.

అయితే కర్వ్స్ చేసే ముందు అక్షరాలు సరిగ్గా కూడాయో లేదో చూసుకోండి. అడోబీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో టైప్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి భారతీయ భాషల ఆప్షన్లను ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో దక్షిణాసియా కంపోజర్‌ను ఎంచుకోకపోతే, వత్తు విడిపోయి పొల్లు అక్షరం పక్కన మరో అక్షరంగా నిలబడుతుంది. ఆ తప్పుతోనే అచ్చయిన ఫ్లెక్సీలు ప్రతి ఊరిలోనూ కనిపిస్తాయి.

బోర్డులపని (కర్నూలు)

దుకాణం బోర్డు ఫ్లెక్సీనా, లైటు అక్షరాలా అన్నది ముందే చెప్పండి. అక్రిలిక్ లైటు అక్షరాలైతే లావు గీత మాకు అనుకూలమే, ఎందుకంటే లోపల ఎల్‌ఈడీలు అమర్చడానికి చోటు కావాలి. సన్నని గీతలో అవి ఇమడవు, వెలుగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. కానీ తెలుగులో విడిగా ఉన్న ప్రతి తలకట్టూ, ప్రతి వత్తూ ఒక్కొక్క డబ్బాగా తయారుచేసి, విడిగా వైరు లాగి, విడిగా బిగించాలి. ‘ప’ అంటే రెండు ముక్కలు; ‘ష్ఠ’ అంటే ఇంకా ఎక్కువ. ముక్కలు పెరిగితే ఖర్చూ పెరుగుతుంది, ఏదో ఒక ముక్క ముందుగా ఆరిపోతుంది. వెలిగే తలకట్టు ఆరిపోతే రాత్రిపూట ఆ పేరు ఎలా చదువుతారో మీరే ఊహించుకోండి. అందుకే అక్షరాలన్నింటినీ వెనుక ఒకే పలక మీద బిగించి, ఆ పలకకే పేరు ఆకారంలో అంచు కట్ చేయడం మేలు. ఆ అంచునే లేబుల్ మీద కూడా అక్షరాల చుట్టూ రంగు పట్టీగా వాడుకోవచ్చు. యజమాని కోరిన లావు ఆ పట్టీతోనే వస్తుంది, అక్షరాన్ని ఉబ్బించనక్కరలేదు.

లిపిపరిశీలన

బోర్డులపని గారి చివరి మాట చాలా విలువైనది. పట్టీ బయటికే పెరుగుతుంది కనుక లోపలి ఖాళీలను ముట్టుకోదు. దానికి ఒక లెక్క జోడిస్తాను, యజమానికి చూపించడానికి పనికివస్తుంది. 300 అడుగుల దూరంలో ఉన్న 1 అడుగు ఎత్తు అక్షరం కంటికి ఎంత కనిపిస్తుందో, 1 అడుగు దూరంలో పట్టుకున్న కాగితం మీద సుమారు 1 మిల్లీమీటరు అక్షరం అంతే కనిపిస్తుంది. అంటే దూరపు బోర్డు, చిన్న పౌచ్ రెండూ ఒకే పరీక్ష. పేరును 1 మిల్లీమీటరు ఎత్తులో రెండు రకాలుగా, బోల్డ్ నొక్కినది ఒకటి, పట్టీ చుట్టినది ఒకటి ముద్రించి ఆయన చేతికి ఇవ్వండి. బండి మీద వెళ్లేవాడికి ఏది కనపడుతుందో ఆయనే చెబుతారు.

గోదావరిగీతలు

ఆ పరీక్ష ఈ రోజు చేశాను. బోల్డ్ నొక్కిన రూపాన్ని యజమాని స్వయంగా పక్కన పెట్టారు. వెడల్పు పెంచిన అనేక్ తెలుగును కర్వ్స్ చేసి, ‘ధ’, ‘ష్ఠ’లను సవరించి, చుట్టూ ముదురు ఆకుపచ్చ పట్టీ వేశాను. ఇంగ్లీషు పేరును కింద, చిన్న అక్షరాలలో పెట్టడానికి కుమారుడు కూడా ఒప్పుకున్నారు. చివరగా ఒక సందేహం: ఉచిత ఫాంటు నుంచి సవరించిన అక్షరాలను లోగోగా నమోదు చేసుకోవడానికి అభ్యంతరం ఉంటుందా?

అచ్చుపని

అనేక్, బాలూ, రామభద్ర మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందే ఉన్నాయి. ఆ లైసెన్సు ఫాంటు ఫైలుకు వర్తిస్తుంది గాని, దానితో చేసిన లోగోకు, లేబుల్‌కు వర్తించదు. వాణిజ్యంగా వాడుకోవచ్చు, సవరించుకోవచ్చు. ఫాంటు ఫైలును మాత్రం విడిగా అమ్మకూడదు. ట్రేడ్‌మార్క్ దరఖాస్తులో పేరును పదంగా నమోదు చేస్తే ఏ అక్షర రూపంలో రాసినా ఆ పదానికి రక్షణ ఉంటుంది, బొమ్మగా నమోదు చేస్తే ఆ రూపానికి ఉంటుంది. వీలైతే రెండూ విడివిడిగా చేయించండి. పేరు తెలుగు లిపిలో ఉంది కనుక దాని ఉచ్చారణను, అర్థాన్ని ఇంగ్లీషులో గాని హిందీలో గాని దరఖాస్తుతో పాటు ఇవ్వవలసి ఉంటుంది. బొమ్మ ఫైలు పంపేటప్పుడు పట్టీ ఉన్న రూపాన్నే పంపండి, బోర్డు మీదా సీసా మీదా కనిపించబోయేది అదే కనుక.